మహారాజశ్రీ ఇంజిన్ నాకింగ్ గారి దివ్య సముఖమునకు

పాత కారు ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామంటే మీ విషయంలో అది కుదరదండీ. మీరు కుశలంగా ఉంటే నా పిస్టన్లు కుశలంగా ఉండవు. కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

ముందు మీ రాకపోకల సంగతి. కార్బురేటర్ (పెట్రోల్ని గాలితో కలిపే పాత పరికరం) కాలం నాటి నా మూడు సిలిండర్ల చిన్న కారులో, పొద్దున్నే చల్లటి వేళ ఖాళీ రోడ్డు మీద నేనొక్కడినే వెళ్తుంటే మీ అలికిడే ఉండదు. అదే అలిపిరి దాటి కొండెక్కేటప్పుడు, కారు నిండా జనం, డిక్కీ నిండా సామాను, మిట్టమధ్యాహ్నం ఎండ, నేను మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కానా, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు మొదలెడతారు. వెనక సీట్లో మా అత్తగారు గోవింద నామాలు ఆపి "ఏంటి బాబూ ఆ చప్పుడు?" అని అడిగేదాకా మీకు తృప్తి ఉండదు. కాలు తీస్తే మాయం. ఇక షెడ్డు ముందు ఆపి బానెట్ ఎత్తితే సరేసరి, మౌనవ్రతం. "ఏదీ సార్, బండి బాగానే ఉందిగా" అని మెకానిక్ నన్ను అదోలా చూస్తాడు.

అయినా మీ వైభోగమే వైభోగం. 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్‌గ్లీ అనే ఆయన, పెట్రోల్లో టెట్రాఇథైల్ లెడ్ కాస్త కలిపితే మీ నోరు పడిపోతుందని కనిపెట్టాడు. దాంతో మీ నోరు మూయించడం కోసం ప్రపంచమంతా దశాబ్దాల తరబడి సీసం పొగ పీల్చింది, అది పిల్లల మెదళ్లకి విషమని తెలిశాక కూడా మానడానికి బోలెడంత తాత్సారం చేసింది. మన దేశంలో అమ్మకం ఆగింది 2000 ఫిబ్రవరి 1న. అల్జీరియా అందరికంటే చివర్న 2021లో మానింది. మీ అల్లరిని ఏ ఇంధనం ఎంత తట్టుకుంటుందో కొలవడానికే ఆక్టేన్ నంబరు ఒకటి పెట్టారు, హెప్టేన్‌కి సున్నా మార్కులు, ఐసో ఆక్టేన్‌కి వంద. బంకులో "ప్రీమియం కొట్టమంటారా సార్?" అని అడిగినప్పుడల్లా నేను కట్టే అదనపు డబ్బు మీకు కప్పం అన్నమాట.

నిజానికి మీరు చేసే పని ఏమిటి? ప్లగ్ నిప్పురవ్వ ఇచ్చాక మంట సిలిండర్లో ఓ పద్ధతిగా పాకాలి. చివర్న మూలన మిగిలిన కాస్త పెట్రోలు ఆవిరి, ఆ ఒత్తిడికీ వేడికీ తన వంతు వచ్చేదాకా ఆగలేక తనంతట తనే భగ్గుమంటుంది. ఆ దెబ్బకి సిలిండర్ గోడలు మోగుతాయి. అదీ మీ సంగీతం. కొత్త కార్లలో నాక్ సెన్సర్ అనే గూఢచారి ఒకడు మీ గొంతు వినగానే కంప్యూటర్‌కి చెప్పి టైమింగ్‌ని, అంటే నిప్పురవ్వ పడే వేళని, కాస్త ఆలస్యం చేయిస్తాడు. నా కారులో ఆ ఉద్యోగం నా చెవిది, జీతం లేదు.

మిమ్మల్ని చూసి బతికేవాళ్ల గురించి కూడా చెప్పాలి. మొదటి షెడ్డు వాడు చప్పుడు వినకుండానే "ఇంజిన్ దింపాలి సార్, సిలిండర్లు తొలిపించి బోర్ చేయిస్తే కొత్త బండి అయిపోద్ది" అన్నాడు. మా బావగారు ఏదో అడిటివ్ (పెట్రోల్లో కలిపే మందు) సీసా తెచ్చి ట్యాంకులో పొయ్యమన్నారు. పక్కింటాయన చిక్కటి ఆయిల్ వాడమన్నాడు, ఇది ఆయిల్ జబ్బే కాదని చెప్పినా వినడు. ఇంకొకాయన తప్పంతా 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌దే అన్నాడు. పాపం ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, ఆ లెక్కన అది మీకు శత్రువే. కాకపోతే అందులో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, తనంతట తను సర్దుకోలేని కార్బురేటర్లో మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే గాలి పాలు ఎక్కువై పెట్రోలు పాలు తగ్గుతుంది, పాత రబ్బరు పైపుల బాధ వేరే. సగం నిజం తెలిసినవాడితో వాదించడం ఎంత కష్టమో మీకు తెలీదు.

చివరికి ఒక ముసలి మేస్త్రి దొరికాడు. ఆయన స్పానర్ ముట్టలేదు, ప్రశ్నలు వేశాడు. చల్లటి ఇంజిన్లో వచ్చి వేడెక్కాక పోతోందా? అయితే పిస్టన్ వదులు. ఆగినా నడిచినా టికటికమంటూ ఇంజిన్ స్పీడుతో పాటు పెరుగుతోందా? ట్యాపెట్లు, అంటే వాల్వులు తెరిచే భాగాలు. లోపలినుంచి బరువుగా దబదబమని, ఆయిల్ లైటు కూడా మినుకుమంటోందా? అది పిస్టన్ కింద ఉండే కనెక్టింగ్ రాడ్ బేరింగ్, అప్పుడు మాత్రం బండి అక్కడే ఆపెయ్యి, ఇంటిదాకా కూడా నడపకు. అలాంటప్పుడు ఒక్కో ప్లగ్ వైరు తీసి చూస్తారట, ఏ వైరు తీస్తే చప్పుడు తగ్గుతుందో దోషి ఆ సిలిండర్లో ఉన్నట్టు. మనది ఎత్తు ఎక్కేటప్పుడే కదా, ఇంజిన్ దింపేదాకా ఎందుకు అన్నాడు.

తర్వాత నిప్పురవ్వ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైట్ పెట్టి చూస్తే దొంగ దొరికాడు. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని ఎవరో బాగా తిప్పేసి ఉంచారు, నిప్పురవ్వ గుర్తు కంటే చాలా ముందే పడుతోంది. అదివరకు సర్వీసు చేసినవాడు "పికప్ ఇచ్చాను సార్" అని గొప్పగా చెప్పింది ఇదేనన్నమాట! లైటూ గీటూ లేకుండా చెవితో సెట్ చేసే మహానుభావులు వీళ్లు. ప్లగ్గులు తీస్తే పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, అంటే లోపల వేడి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మైలేజీ కోసం కార్బురేటర్‌ని ఎండగట్టిన ఘనత కూడా ఆ చేతిదే. రేడియేటర్లో బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఉంది. టైమింగ్ గుర్తుకి తెచ్చి, కార్బురేటర్ జెట్లు కడిగి, మాన్యువల్లో రాసిన నంబరు ప్లగ్గులే వేసి, రేడియేటర్ ఫ్లష్ చేసి కూలెంట్ పోశాడు. ఖర్చు బోరింగ్ కొటేషన్లో ఓ మూలకి కూడా రాదు.

మీరు పూర్తిగా వెళ్లిపోలేదని తెలుసు. పిస్టన్ల నెత్తిన మసి ఇంకా ఉంది, మే నెల ఎండలో ఘాట్ ఎక్కితే మళ్లీ పలకరిస్తారు. అప్పుడు నేను రెండో గేరులోకి దిగుతాను, వెనకాల బస్సువాడు ఎంత హారన్ కొట్టుకున్నా సరే.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
పాత కారు ఓనరు

నకళ్లు: ఇంజిన్ దింపుతానన్న షెడ్డుకు, సమాచార నిమిత్తం. పికప్ ఇచ్చిన మహానుభావుడికి, సంజాయిషీ నిమిత్తం. మా బావగారికి, సగం మిగిలిన అడిటివ్ సీసాతో సహా, తగు చర్య నిమిత్తం.