రెండడుగుల జాగా ఇవ్వలేకపోయారా?

ఇప్పుడే నిజాంపేట నుంచి ఇంటికొచ్చాను. అన్నం కూడా తినకుండా రాస్తున్నాను. రేపటికి కోపం చల్లారితే ఈ మాటలు రావు.

మా పిన్ని కొడుకు కొత్త ఫ్లాట్ కొన్నాడు. "అన్నా, హాల్లో సౌండ్ అదిరిపోవాలి, అంతా నువ్వే చూసుకోవాలి" అని ఆరు నెలల నుంచి వెంటపడ్డాడు. సొంత తమ్ముడి కంటే ఎక్కువ వాడు నాకు. మూడు శనివారాలు వాడితో కోఠి గుజరాతీ గల్లీలో తిరిగాను. ఎండలో, ఆ ఇరుకులో, బండి పెట్టడానికి జాగా దొరక్క. చివరికి 12 అంగుళాల పవర్డ్ సబ్ వూఫర్ ఒకటి కొనిపించాను. పాటలోని లోతైన శబ్దాన్ని, అంటే బేస్ ని, పలికించడానికే ఉండే స్పీకర్ డబ్బా అది. ఆంప్లిఫయర్ లోపలే ఉండే రకం. నిజంగా మంచి వస్తువు. తర్వాత ఆఫీసు పని మీద నేను పది రోజులు ఊళ్లో లేను.

ఇవాళ వెళ్లి చూస్తే హాల్లో సబ్ కనిపించలేదు. "ఏదిరా?" అంటే మా మరదలు టీవీ యూనిట్ వైపు చూపించింది. ఇంటీరియర్ చేసినతను యూనిట్ అడుగున ప్లైవుడ్ తో గూడు కట్టి, సబ్ ని అందులోకి తోసి, ముందు లామినేట్ తలుపు బిగించాడు. తలుపుకి నాలుగు సన్నటి చీలికలు. సౌండ్ బయటికి రావడానికట.

తలుపు తీసి చేయి పెట్టి చూశాను. దాని గాలి పోర్టు, అంటే డబ్బాలోంచి గాలి లోపలికీ బయటికీ ఆడే రంధ్రం, వెనక వైపు ఉంటుంది. ఆ పోర్టుకీ ప్లైవుడ్ కీ మధ్య నా రెండు వేళ్లు దూరలేదు. ఆంప్లిఫయర్ ప్లేటు వేడెక్కి ఉంది, గాలి ఆడే దారే లేదు. యూనిట్ మీద ఇత్తడి ఉరులిలో నీళ్లు పోసి చామంతి రేకులు వేశారు. సినిమా పెట్టగానే ఆ నీళ్ల మీద సన్నటి వలయాలు మొదలయ్యాయి, పక్కనున్న గాజు అర జుయ్యిమని మోత. డ్రమ్ము దెబ్బ ఒకటి, దాని వెనకే తలుపు చెక్క దెబ్బ ఇంకొకటి. వినిపించేది సబ్ కాదు, ఆ చెక్కపెట్టె.

పిన్ని వంటింట్లోంచి వచ్చి "నాయనా, అది ఆపేయరా, తలనొప్పి వస్తోంది" అంది. పిన్ని మీద నాకేం కోపం లేదు, ఆ మోతకి ఎవరికైనా వస్తుంది. కానీ తమ్ముడు అన్న మాట ఉంది చూశారూ, "నువ్వు చెప్పావనే కొన్నా అన్నా. సౌండ్ బార్ తీసుకున్నా సరిపోయేది, డబ్బులు వేస్ట్ అయ్యాయి." అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు శనివారాలు బూడిదలో పోసిన పన్నీరు.

కొనే ముందు ఎన్నిసార్లు చెప్పానో వాడికి తెలుసు. సబ్ కి చుట్టూ జాగా కావాలి, గూట్లో పెట్టకూడదు అని. ఆ ఫ్లాట్లో షూ ర్యాక్ కి జాగా ఉంది, ఎవరూ కూర్చోని ఊయలకి జాగా ఉంది. నలభై వేలు పోసి కొన్న వస్తువుకి నేల మీద రెండడుగులు లేవా?

పైగా అది టీవీ దగ్గరే ఉండాలన్న రూలేం లేదు. శబ్దం లోతుని హెర్ట్జ్ లో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ లోతు ఎక్కువ. 80 హెర్ట్జ్ కంటే కింది శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో మన చెవి పట్టుకోలేదు. సబ్ సోఫా పక్కన ఉన్నా, మూల ఉన్నా, డ్రమ్ము దెబ్బ టీవీలోంచే వచ్చినట్టు ఉంటుంది. ఇది ఇంటీరియర్ వాళ్లకి తెలియదు, తెలుసుకోరు. వాళ్లకి వైరు కనపడకూడదు, అంతే. వాళ్లు చేసే ప్రతి హాలూ ఫొటో కోసమే చేస్తారు. మనుషులు అందులో కూర్చుని పాట వింటారని వాళ్ల లెక్కలోనే ఉండదు.

ఆ సోఫా కూడా అంతే. 14 అడుగుల హాల్లో సోఫాని సరిగ్గా మధ్యకి లాగి, వెనక ఒక బల్ల వేశారు. 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 28 అడుగులు. 14 అడుగుల గదిలో ఆ అల గోడల దగ్గర గట్టిగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో చచ్చిపోతుంది. అంటే లక్షల ఫ్లాట్లో, వేల సబ్ ముందు, వీడు ఏ బేస్ కోసం డబ్బు పెట్టాడో అది అస్సలు వినపడని చోట కూర్చుంటున్నాడు. వినపడట్లేదని సబ్ జోరు పెంచే గెయిన్ నాబ్ పూర్తిగా తిప్పేశాడు. అప్పుడు గోడకి ఆనుకున్న వంటింట్లో పిన్నికి రెట్టింపు మోత. తలనొప్పి రాక ఏమొస్తుంది? సోఫాని రెండడుగులు వెనక్కి జరిపి చూడరా అన్నాను. "అట్లా అయితే సిమెట్రీ పోతుంది బావగారూ" అంది మరదలు.

బిగించడానికి వచ్చినవాడి సంగతి ఇంకా ఘోరం. ఏ స్పీకర్ కి ఏ శబ్దం పోవాలో పంచే డబ్బా రిసీవర్, దాని సెట్టింగ్స్ తెరిచి చూశాను. ముందు స్పీకర్లు చిన్నవి, వాటిలో ఊగుతూ గాలిని తోసే కోన్ 5 అంగుళాలే. వాటిని 'లార్జ్' అని పెట్టి పోయాడు. లార్జ్ అంటే లోతైన బేస్ కూడా ఆ చిన్న స్పీకర్లకే పోతుంది. సినిమాలో విడిగా వచ్చే ఆ పాయింట్ వన్ చానల్ తప్ప సబ్ కి ఏదీ చేరదు, పాటలు పెడితే అది ఖాళీగా కూర్చుంటుంది. వాటిని 'స్మాల్' చేసి, క్రాసోవర్, అంటే ఎక్కడి నుంచి కింది శబ్దం సబ్ కి పోవాలో చెప్పే గీత, 80 దగ్గర పెట్టాలి. రిసీవరే ఆ పని చేస్తున్నప్పుడు సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్ ని చివరిదాకా తిప్పేయాలి, లేదా ఎల్ఎఫ్ఈ అనే దాని మీద ఉంచాలి. లేకపోతే ఒకే శబ్దాన్ని రెండు జల్లెళ్లలో పోసినట్టవుతుంది. ఫేజ్ స్విచ్ ఒకటుంటుంది, 0, 180 అని. ఒకరు కూర్చుని వింటుంటే ఇంకొకరు అటూ ఇటూ మార్చాలి, ఎటు నిండుగా వినిపిస్తే అటు ఉంచాలి. మొత్తం కలిపి అరగంట పని. ఆ అరగంట పెట్టకుండా పదిహేను వందలు తీసుకుని వెళ్లిపోయాడు.

కొనేటప్పుడు కూడా ఇదే గొడవ. షాపులో ప్రతివాడూ వాట్స్ గురించే. 5000 వాట్స్ పీఎంపీఓ అని, అమ్మకం కోసం ఉబ్బించిన అంకె, అట్ట మీద అంత లావు అక్షరాలతో ఉంటే తమ్ముడి కళ్లు మెరిశాయి. చేయి పట్టుకుని పక్కకి లాక్కొచ్చాను. మన ఇంట్లో మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్స్. అంతకు మించి తీసుకోలేని ప్లగ్గుకి తగిలించే డబ్బా 5000 ఎక్కడి నుంచి తెస్తుంది? ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా నికరంగా ఇచ్చే వాట్స్, ఎంతో అడగాలి. అదీ ముఖ్యం కాదు అసలు. వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, జాగ్రత్తగా వింటే గానీ తేడా తెలియదు. అడగాల్సింది అది ఎన్ని హెర్ట్జ్ దాకా దిగుతుంది అని. 80 దగ్గర ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో 40 దగ్గర కూడా అన్నే ఇవ్వాలంటే కోన్ నాలుగు రెట్ల గాలిని తోయాలి. 20 దగ్గర పదహారు రెట్లు. అందుకే పెద్ద కోన్ కావాలి. 8 అంగుళాల దాని కంటే 12 అంగుళాల దాని వైశాల్యం రెండుంబావు రెట్లు. సౌండ్ బార్ తో వచ్చే చిన్న డబ్బాకి ఇది సాధ్యం కాదు, అది ఏదో ఒక్కచోట బుమ్ముమంటుంది, దాన్నే మనం బేస్ అనుకుంటాం. సరిపోయేదట! నిన్నటిదాకా వాడికి ఇదంతా అర్థమైందనే అనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మీకు ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను, పోర్టు ఉన్న రకాలు, మూసేసిన పెట్టె రకాలు అని రెండుంటాయి. పోర్టు ఉన్నవి అంతే ఖర్చులో ఇంకా కిందికి, గట్టిగా వెళ్తాయి గానీ సైజు పెద్దవి, తీరిగ్గా గాలి ఆడాలి. చిన్న గదికీ, ఎక్కువగా పాటలు వినేవాళ్లకీ మూసినవే హాయి.

సబ్ ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. మనం కూర్చునే చోట, సోఫా మీదే సబ్ ని పెట్టి, బేస్ గిటార్ బాగా నడిచే పాట ఒకటి తిప్పి తిప్పి వాయించాలి. మనం మోకాళ్ల మీద గది అంతా పాకుతూ వినాలి. ఒక మూల గుయ్యిమంటుంది, ఒకచోట ఏమీ ఉండదు, ఒకచోట ప్రతి స్వరం విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. సబ్ అక్కడికి చేరాలి. నా హాల్లో నేను రెండు గంటలు పాకాను. బాల్కనీ తలుపు పక్కన దొరికింది.

ఆ రాత్రి మా అమ్మ కూర్చుని ఎనభైల నాటి పాట ఒకటి వింది. తనకి ప్రతి అక్షరం నోటికొచ్చిన పాట. చరణం సగంలో చేయి ఎత్తి "కింద నడుస్తున్న ఆ వాయిద్యం ఏంట్రా, నేనెప్పుడూ వినలేదే" అంది. బేస్ గిటార్ అమ్మా అన్నాను. దాని లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ట్రాన్సిస్టర్ లో, టేప్ రికార్డర్ లో, టీవీ స్పీకర్లో ఆ లోతు ఎప్పుడూ రాలేదు. నలభై ఏళ్లు ఆ పాట పాడుకున్న మనిషికి అందులో సగం అప్పుడే చేతికొచ్చింది. మళ్లీ పెట్టమంది. నాలుగుసార్లు పెట్టాను. సబ్ ఎక్కడుందో కూడా ఆవిడ అడగలేదు. సబ్ అంటే ఇది. మోత కాదు.

కానీ మన ఊళ్లో బేస్ అన్న మాటనే పాడుచేశారు. ఎవరు చేశారో చెప్తా.

రెండేళ్ల క్రితం మా అపార్ట్ మెంట్ వాట్సాప్ గ్రూపులో సాయంత్రం ఏడున్నరకి నా ఫ్లాట్ నంబర్ వేసి మెసేజ్ పెట్టారు, గోడలు అదురుతున్నాయని. నేను వాదించలేదు. బేస్ కి గోడలు, శ్లాబులు అడ్డు కావు, అది నిజమే. మర్నాడే సబ్ కింద మందపాటి రబ్బరు ప్యాడ్లు వేశాను, పక్కింటి గోడకి దూరంగా జరిపాను, తొమ్మిది దాటితే గెయిన్ తగ్గిస్తున్నాను. కింది ఫ్లాట్ ఆంటీ గారిని పిలిచి, వాళ్లింట్లో నిలబడి విని మరీ సరిచేశాను. పొరుగువాళ్లతో ఉండాల్సిన పద్ధతి అది.

అదే కమిటీ ఆ ఏడాది వినాయక చవితికి డీజే బండి తెప్పించింది. గేటు ముందు, ఒకదాని మీద ఒకటి ఎనిమిది డబ్బాలు. రాత్రి పదకొండున్నర. మా కిటికీ అద్దాలు ఫ్రేముల్లో గలగలలాడాయి. మూడో అంతస్తులో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన దిండు చెవులకి అదుముకుని కూర్చున్నారు. నేను కిందికి వెళ్లి అడిగితే "పండగపూట కూడా మీ గోలేనా" అన్నారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. ఇళ్లుండే చోట రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆ కొలత కూడా ఏ-వెయిటింగ్ అనే లెక్కలో తీస్తారు, అందులో 50 హెర్ట్జ్ శబ్దానికి 30 డెసిబెల్స్ తగ్గించే రాస్తారు. మీటర్ మీద కనపడే అంకె కంటే మన ఛాతీలో తగిలే దెబ్బ చాలా పెద్దది. 2024 అక్టోబరులో ఊరేగింపుల్లో డీజేలు వద్దని హైదరాబాద్ పోలీసులు ఉత్తర్వులు ఇచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. బేస్ అంటే ప్రాణం పెట్టేవాణ్ణి కాబట్టే సంతోషించాను.

పిన్నికి బేస్ అనగానే ఆ బండే గుర్తొస్తుంది. ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనం దగ్గర పక్కవాడి మాట వినపడనివ్వని డబ్బాలు గుర్తొస్తాయి. అందుకే వింటూనే తల పట్టుకుంది. మంచి బేస్ ఆవిడ చెవిన ఒక్కసారి కూడా పడలేదు. పడే అవకాశం ఇవాళ ఆ నిజాంపేట హాల్లో ఉండేది. దాన్ని ప్లైవుడ్ గూట్లో పెట్టి తలుపేశారు. నా కోపమంతా దాని గురించే.

తమ్ముడూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆదివారం పొద్దున పదింటికి వస్తున్నాను. స్క్రూ డ్రైవర్, రిసీవర్ నుంచి సబ్ దాకా వేయడానికి ఐదు మీటర్ల ఆర్సీఏ కేబుల్ నేనే తెస్తా. ఆ గూట్లో మీ రౌటర్, రిమోట్లు పెట్టుకోండి. సోఫా వెనక్కి జరుగుతుంది, మరదలికి నేను నచ్చజెప్తాను. కిటికీ దగ్గరున్న ఆ ప్లాస్టిక్ పూల కుండీ తీసేసి నేల తుడిచి ఉంచు, ముందు అక్కడే చూద్దాం. పిన్నిని టిఫిన్ పని పెట్టుకోవద్దని చెప్పు, ఇడ్లీలు నేను కట్టించుకుని వస్తా. ఆవిడ సోఫాలో కూర్చోవాలి. ఆవిడకి ఇష్టమైన పాత పాట ఏదో కనుక్కుని ఉంచు.