ప్రాగ్‌లో పులిహోర

మా వీధి పెద్దాయనొకరు ప్యాకేజీ టూర్లో యూరప్ చూసొచ్చారు. అప్పట్నుంచి విజయనగరంలో శుభలేఖ ఇవ్వడానికి వాళ్ళింటికెళ్ళినవాడు కూడా టీవీలో ఫొటోలన్నీ చూడందే గుమ్మం దాటలేకపోతున్నాడు.

నేనూ చూశాను. చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో ఓల్డ్ టౌన్ స్క్వేర్. 1410 నాటి గడియారం వైపు వేలు చూపిస్తూ ఆయన. తర్వాతి ఫొటోలోనూ అదే వేలు. ఆ తర్వాతిదాంట్లో గడియారం లేదు, వేలు మాత్రం ఉంది. "మన గంటస్తంభం దీని ముందు ఏపాటిదండీ!" అని పెదవి విరిచారు. ఇంకో ఫొటోలో వాళ్ళావిడ టౌన్‌హాలు గోడవారన కూర్చుని స్టీలు డబ్బా మూత తీస్తున్నారు. లోపల పులిహోర. డబ్బా కింద నేలరాళ్ళలో తెల్లటి శిలువ గుర్తు.

"ఈ ముగ్గేటండీ?" అన్నాను, తెలిసే.

"డిజైనండీ. ఓ ఇరవై దాకా ఉన్నాయి. వాళ్ళకి కళాపోసన ఎక్కువ."

ఇరవై కాదు మహాశయా, 27. తిరగబడ్డ ప్రొటెస్టెంట్లు వైట్ మౌంటెన్ యుద్ధంలో ఓడిపోయాక, కాథలిక్ చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ 1621 జూన్ 21న అక్కడ చంపించినవాళ్ళ లెక్క అది. తిరుగుబాటులో కలిశాడని వాళ్ళతోపాటు ఒక కాథలిక్కునీ నరికారు. యెసేనియస్ అనే వైద్యుడికి ముందు నాలుక కోసి, ఆ తర్వాత తల తీశారు. పన్నెండు తలలు వంతెన బురుజుకి వేలాడదీశారు, దాదాపు అన్నీ పదేళ్ళు అక్కడే ఉన్నాయి.

గైడు చెప్పలేదా అంటే, "చెప్పాడండీ, అప్పటికే బస్సు టైమైపోయింది" అన్నారు. చౌరస్తాలో అంతెత్తున విగ్రహమై నిలబడ్డ యాన్ హుస్ ఎవరో కూడా ఆయనకి తెలీదు. 1415లో మతద్రోహి అని బతికుండగానే తగలబెట్టిన మనిషి. అక్కడే 1918లో జనం కూలదోసిన మరియమ్మ స్తంభాన్ని 2020లో మళ్ళీ నిలబెట్టారు, అదీ బోలెడు గొడవపడి. దాని పక్కన మాత్రం సెల్ఫీ ఉంది.

పోనీ, తెలీకపోతే తప్పేం కాదు. కానీ రోజూ పొద్దున్నే గులాబీపువ్వు బొమ్మ కింద "వాళ్ళకి బుద్ధి చెప్పాలి" అని మా వాట్సాప్ గ్రూపుకి పంపేది ఈయనే. ప్రాగ్ నుంచి కూడా మానలేదు, పులిహోర ఫొటో వెనకే వచ్చింది. ఎవరండీ ఆ "వాళ్ళు"? మనవడికి జ్వరమొస్తే బాబామెట్ట దర్గాకి పరిగెత్తి మొక్కుకున్నప్పుడు నెత్తిన నెమలీకల కట్ట ఆనించి దీవించినవాళ్ళేనా? సిగ్గుండక్కర్లేదా? తలలు నరికిన చోట కూర్చుని అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అదే చేత్తో ఈ విషం ఫార్వర్డు చేస్తారా?

ఇదంతా ఆయన మొహం మీదే అడిగాను. కాసేపు టీవీ వైపు చూసి, రిమోట్ పక్కన పెట్టారు.

"వచ్చే ఏడాది జెరూసలేం ప్యాకేజీ ఉందటండీ. భోజనం మనదేనట. వస్తారేటి?"