సిగరెట్ లైటర్ కేంద్రం నిలయ సంచాలకులకు ఒక శ్రోత ఉత్తరం

నిలయ సంచాలకుల వారికి,

నమస్కారాలు. మా పాత కారు డాష్‌బోర్డులో, సిగరెట్ లైటర్ కోసం చేసిన గుంతలో కొలువుదీరి, బొటనవేలంత దేహంతో పూర్తిస్థాయి ఎఫ్‌ఎం కేంద్రాన్ని నడుపుతున్న ట్రాన్స్‌మిటర్ గారూ, మీకున్న శ్రోతను నేనొక్కణ్ణే కాబట్టి ఈ ఉత్తరం రాసే బాధ్యతా నా మీదే పడింది. మీరు ప్రసారం చేసేవి నా ఎంపీత్రీ ప్లేయర్‌లోని పాటలు. వాటిని ఏరి, కూర్చి, వరుస పెట్టేది నేను. మీకు కావలసిన కరెంటు నా కారు బ్యాటరీ ఇస్తోంది. అయినా సంచాలకులు మీరే. ప్రభుత్వ సంస్థల్లోనూ ఇలా జరుగుతుందని విన్నాను కనుక దాని మీద నాకు పేచీ లేదు.

మీకు ముందు ఈ ఉద్యోగంలో క్యాసెట్ అడాప్టర్ గారు ఉండేవారు. ఆయన చూడటానికి క్యాసెట్టే గాని లోపల టేపు ఉండేది కాదు. స్టీరియోలో టేపును చదివే హెడ్‌కు తన హెడ్‌ను ఎదురుగా ఆనించి పాటను అయస్కాంత క్షేత్రం రూపంలో నేరుగా అప్పగించేవారు. టేపు తిరుగుతోందని డెక్ నమ్మాలి కాబట్టి లోపల రెండు పళ్లచక్రాలను ఊరికే తిప్పుతూ కూర్చునేవారు. ఆ గరగర చప్పుడూ, నోట్లోంచి వేలాడే తీగా తప్ప ఆయన మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదు లేదు. ఆయనకూ ప్లేయర్‌కూ మధ్య మూడో మనిషి దూరిన దాఖలా కూడా లేదు. కానీ డెక్‌లో బెల్టు సాగి, రబ్బరు రోలరు గట్టిపడి, అసలు క్యాసెట్లే తిరగనప్పుడు దొంగ క్యాసెట్ మాత్రం ఎన్నాళ్లు తిరుగుతుంది? ప్లేయర్ తీగను నేరుగా గుచ్చుకునే ఆక్స్ రంధ్రమన్నది ఆ స్టీరియో పుట్టేనాటికి లేదు. కదిలే భాగాలు లేని పుణ్యాన రేడియో ఒక్కటే మిగిలింది. అలా మీ నియామకం జరిగింది.

మీ పని తీరును ఒకసారి స్థిమితంగా ఆలోచించి చూడండి. నా ప్లేయర్‌కూ స్టీరియోకూ మధ్య దూరం జానెడు. ఆ జానెడు దాటడానికి పాట మీలో దూరి, రేడియో తరంగమై, అద్దాల సందుల్లోంచి కారు బయటికి పోయి, పైకప్పు మీది యాంటెనాకు తగిలి, అక్కడి నుంచి తీగ వెంట మళ్లీ డాష్‌బోర్డులోకి దిగాలి. ఎదురింటికి ఉత్తరం పంపడానికి రాజధాని మీదుగా తిప్పే తపాలా పద్ధతి ఇదేనని మా ఇంట్లో పెద్దలు అంటున్నారు.

మీ శక్తి సామర్థ్యాల గురించి కూడా విచారించాను. బ్రిటన్‌లో మీ జాతివారిని 2006 డిసెంబరు 8 దాకా చట్టవిరుద్ధ ప్రసారకులుగానే లెక్కగట్టారు. ఆ రోజున 50 నానోవాట్లకు మించరాదన్న షరతు మీద క్షమించారు. 10 కిలోవాట్ల రేడియో కేంద్రంతో పోల్చితే అది 20 వేల కోట్ల వంతుల్లో ఒక వంతు. తమరు ఏ దేశపు షరతుకు లోబడ్డారో మీ పెట్టె మీద రాసి లేదు గాని, లోబడిన పక్షంలో మీకు ఉండవలసిన వినయం ఇదీ.

అయితే వినయం ఉన్నవాడికి చోటు దొరకడం కష్టమని మీ ఉదంతమే చెబుతోంది. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఆ కాస్త వీధిలో హైదరాబాద్‌లో 91.1, 93.5, 98.3 ప్రైవేటు వారివి, 101.9 రెయిన్‌బో వారిది, 102.8 వివిధ భారతిది. ఇవి కాక ఇంకా చాలా కాపురాలున్నాయి. ఎఫ్‌ఎం రిసీవర్ ధర్మం ఏమిటంటే, ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సంకేతాలు వస్తే బలమైనదాన్ని నెత్తిన పెట్టుకుని బలహీనమైనదాన్ని దాదాపు పూర్తిగా నొక్కేస్తుంది. మీరూ ఆ కేంద్రం వారూ సరిసమానమైన చోట మాత్రం స్పీకర్లలో నా పాట పల్లవి సగమూ, నగల దుకాణం తరుగు రాయితీ సగమూ వంతులవారీగా వినిపిస్తాయి. విజయవాడ దారిలో నగరం వెనకబడ్డాక ఖాళీ అయిన చోటు అవతలి నగరం దగ్గరపడేసరికి మళ్లీ నిండిపోతుంది, 98.3 రెండు చోట్లా నిండే ఉంటుంది. అందుచేత మీ శ్రోత స్టీరింగు ఒక చేత్తో, మీ మీట ఒక చేత్తో పట్టుకుని ప్రయాణం చేస్తున్నాడు.

సంక్రాంతికి పంతంగి టోల్ ప్లాజా దగ్గర కార్లు బారులు తీరినప్పుడు జరిగినది మీరు మరచి ఉండరు. పక్క కారులోనూ మీలాంటి సంచాలకులే ఉన్నారు, ఆయనా 88.1 మీదే ఉన్నారు. మా కారులో ఘంటసాల గారి గొంతు ఉన్నట్టుండి ఆగి సుప్రభాతం మొదలైంది. పక్క కారులోని పెద్దాయన కూడా తన స్టీరియో వైపు అనుమానంగా చూడటం గమనించాను. వరుస రెండు గజాలు కదిలేసరికి ఎవరి భక్తి వారికి తిరిగి వచ్చింది.

ఇక శబ్దం సంగతి. ప్లేయర్ ధ్వని తగ్గిస్తే మీరు వేయించిన ఆవాల్లా చిటపటలాడతారు, పూర్తిగా పెంచితే గాయకుల గొంతు చీలుస్తారు. ముప్పావు వంతు దగ్గర ప్లేయర్‌ను ఆపి, మిగతాది స్టీరియో దగ్గర పెంచుకోవడమే మార్గమని తేలింది. కానీ అలా పెంచి ఉంచినప్పుడు మీరు ఉన్నట్టుండి మౌనం వహించినా, నేను మరచిపోయి అసలు రేడియోకు మారినా, వార్తలు చదివే మనిషి నా చెవిలో కూర్చుని అరిచినంత పని అవుతోంది. ప్రసారంలో అంతరాయానికి చింతిస్తున్నామని ఆకాశవాణి వారు అనేవారు. మీరు ఆ మర్యాద కూడా పాటించరు.

ఇంజను స్టార్ట్ చేసిన ప్రతిసారీ లైటర్ గుంతకు కరెంటు ఒక క్షణం ఆగుతుంది. అది కారు ధర్మం. దానికి తమరు మూర్ఛపోయి, తేరుకుని, నిన్నటి ఫ్రీక్వెన్సీ ఊసే లేకుండా 87.5 దగ్గర కొత్త జీవితం ప్రారంభించడం మాత్రం సంచాలక పదవికి తగిన పని కాదు. స్పీడ్ బ్రేకరు దగ్గరా ఇదే తంతు.

కొత్త స్టీరియో కోసం నేను దుకాణాల్లో విచారిస్తున్నానన్న వదంతి మీ దాకా వచ్చి ఉంటుంది. అది నిజమే. దుకాణదారు చెప్పిన ధరలో మీలాంటి సంచాలకులను డజను మందిని నియమించవచ్చు. పైగా డాష్‌బోర్డు కోయాలన్నాడు. కనుక మీ పదవీకాలాన్ని తదుపరి ఉత్తర్వుల వరకు పొడిగిస్తున్నాను. చెయ్యి చాపితే అందే మీకు రిమోట్ ఎందుకిచ్చారో నాకు ఈనాటికీ బోధపడలేదు గాని, ఎందుకైనా మంచిదని దాచాను. ప్రస్తుతం అది సీటు కింద ఎక్కడో ఉంది.

ఇట్లు,
తమ ఏకైక శ్రోత