హెడ్ పుల్లీ పక్కన వెల్డయిపోయిన బ్రాకెట్ గారికి

బొగ్గు జారిపడే ఛూట్ గోడకు అతుక్కుని, బెల్టును గీకే స్క్రాపర్‌ను మోస్తూ కొలువు తీరిన బ్రాకెట్ మహాశయా,

నమస్కారం. 12 మి.మీ. ప్లేటు, నాలుగు వైపులా వెల్డింగ్, నట్టనడుమ, గీకే బ్లేడు బిగించిన పైపుకు గుండ్రటి బొక్క. మీ విగ్రహం చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. దండం పెట్టడం తప్ప మీతో చేయగలిగింది కూడా ఏమీ లేదు. అంగుళం పైకి జరగమంటే జరగరు, కిందికి దిగమంటే దిగరు. మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మీ కాపురం బొగ్గు కన్వేయర్ మీద. వానాకాలంలో సింగరేణి బొగ్గు తడిసి ముద్దయి వచ్చినప్పుడు, బెల్టుకు అంటిన సన్నపొడి, బెల్టు వెనక్కి మలుపు తిరిగే డ్రమ్ము, అదే హెడ్ పుల్లీ, దాటినా ఊడదు. దాన్ని అక్కడే గీకేయకపోతే తిరుగుదారి పొడవునా రాలుతుంది, రిటర్న్ రోలర్ల మీద పొరలు కడుతుంది, బెల్టు ఓ పక్కకు లాగేస్తుంది. కింద పారలూ తట్టలూ బయల్దేరతాయి. అప్పుడు తిట్లు తినేది మీరా? కాదు, బ్లేడు. ‘నాసిరకం బ్లేడు, వేరే కంపెనీది తెప్పించండి’ అని ఇండెంట్ వెళ్తుంది. అత్త మీద కోపం దుత్త మీద. కొత్త బ్లేడూ మీ పాత బొక్కలోని పైపుకే చేరి, అదే వంకర కోణంలో అరుగుతుంది.

మీరు పుట్టినప్పుడే కొలత తప్పింది లెండి. స్క్రాపర్ పైపు ఎక్కడుండాలో పుల్లీ సెంటర్ నుంచి కొలుస్తారు. ఆ దూరాన్ని నిర్ణయించేది బెల్టు పైముఖం దాకా ఉన్న వ్యాసార్ధం. డ్రాయింగ్‌లో పుల్లీ వ్యాసం 800 మి.మీ. అని ఉంది కాబట్టి మీ వాళ్లు 400 పట్టుకున్నారు. పుల్లీ మీద 12 మి.మీ. లాగింగ్ (రబ్బరు తొడుగు), దాని మీద 15 మి.మీ. బెల్టు ఉన్నాయన్నది ఎవరికీ తట్టలేదు. ఉండాల్సింది 427. ఆ 27 మి.మీ. లోటును మీరు ఆజన్మాంతం మోస్తున్నారు.

పైపు బెల్టుకు మరీ దగ్గరైతే బ్లేడు అంచు బదులు మడమ ఆనుతుంది, ఆ సందులోకి పొడి దూరి బ్లేడును ఎత్తేస్తుంది. మరీ దూరమైతే బ్లేడు అరిగేకొద్దీ మొగ్గుతూ మొగ్గుతూ, ఓ రాత్రి షిఫ్టులో బెల్టుతోపాటు అవతలికి దొర్లిపోతుంది. పోనీ మొదట్లో కొలత సరిగ్గానే కుదిరిందనుకుందాం. రెండేళ్లకు లాగింగ్ మందం మారుతుంది, బెల్టు మారుతుంది. మీరు మాత్రం శిలాశాసనం.

మిమ్మల్ని కదిలించాలంటే గ్యాస్ కటింగే గతి. కరెంటు ఐసొలేషన్, తాళం, ట్యాగ్ ఇవన్నీ బోల్టు పనికైనా తప్పవు, వాటి నింద మీ మీద వేయం. కానీ బొగ్గుపొడి మధ్య నిప్పు పనికి వేరే పర్మిట్, ఛూట్ కడగడం, నీళ్ల పైపు పట్టుకుని ఒకరి కాపలా, పని అయ్యాక కూడా నిప్పురవ్వ దాగిందేమోనని ఎదురుచూపు... గంట పని షిఫ్టు మింగేస్తుంది. మళ్లీ అతికించే తొందరలో వెల్డర్, కరెంటు తిరిగిపోయే ఎర్త్ క్లాంపు తీసుకెళ్లి పుల్లీకి అవతల ఎక్కడో తగిలిస్తే, కరెంటు పుల్లీ బేరింగుల గుండా పోయి వాటి లోపలి రోలర్ల మీద గుంటలు పెడుతుంది. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే ఉండాలి. ఇదంతా అయ్యాక వెల్డింగ్ చల్లారుతూ మిమ్మల్ని ఒకట్రెండు మిల్లీమీటర్లు తన వైపుకు లాక్కుంటుంది, అది వేరే ముచ్చట.

అవతలి గోడ మీదున్న మీ కవల సోదరుడి సంగతీ చూద్దాం. మీ ఇద్దరి నడుమ పైపు 2000 మి.మీ. ఆయన మీకన్నా 20 మి.మీ. కింద కూర్చున్నాడు. వాలు అర డిగ్రీ పైచిలుకు, కంటికి ఆనదు. కానీ పైపు తిరిగే 100 మి.మీ. పొడవున్న తొడుగులో, అదే బుష్‌లో, ఆ వాలు 1 మి.మీ. తేడా, బుష్‌లో వదిలిన సందు అర మిల్లీమీటరే. పైపు పట్టేస్తుంది. బ్లేడును బెల్టుకు నొక్కే టెన్షనర్ స్ప్రింగును ఫిట్టర్ గుర్తు దాకా బిగిస్తాడు, ఆ బలమంతా బుష్‌లోనే ఖర్చయిపోతుంది. స్ప్రింగ్ చూస్తే సరిగ్గా ఉంది, బ్లేడు చూస్తే బెల్టుకు ఆనీ ఆననట్టుంది. పాపం, ఆ ఫిట్టర్ ఇంకో రెండు చుట్లు తిప్పుతాడు.

మీ స్థానంలోకి వచ్చే, జరపడానికి వీలున్న బోల్టు బ్రాకెట్ల పరిచయం కూడా చేయాలి కదా. ఆ వంశంలో గోడకు వెల్డయ్యేది ఒక్క బేస్ ప్లేటే, అదీ ఒక్కసారే. దాని మీద నిలువు స్లాట్ల (పొడవాటి బొక్కల) ప్లేటు, ఆపైన అడ్డం స్లాట్ల ప్లేటు. ఒక్కో ప్లేటుకు కనీసం రెండు ఎం16 (16 మి.మీ.) బోల్టులు, స్లాటు మీద నిండుగా కూర్చునే మందపాటి వాషర్లు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు: 18 వెడల్పు, 60 పొడవు స్లాటు కోసి, 60 మి.మీ. కదులుతుందని సంబరపడతారు. బోల్టు బొక్క 18 పోగా మిగిలేది 42, అంటే నడిమి నుంచి అటు 21, ఇటు 21. మీ పాత 27 తప్పుకే చాలదు. పొడవు 80 కోస్తే అటూ ఇటూ 31 వస్తుంది.

పైపు కూర్చునే చోట గుండ్రటి బొక్క ఉండదు. పైన తెరుచుకునే జీను, దాని మీద రెండు బోల్టుల మూత. పైపును పక్కనుంచి దూర్చాలంటే వాక్‌వే మీద పైపు పొడవంత ఖాళీ కావాలి, అక్కడేమో గేర్‌బాక్సు గార్డు అడ్డం. జీనైతే తలుపులోంచి తెచ్చి పడుకోబెట్టడమే. లోపలి బుష్ బయటివైపు బంతిలా ఉంటే రెండు మూడు డిగ్రీల వంకర తనే సర్దుకుంటుంది. వాక్‌వే ఒకవైపే ఉన్న చోట పైపునే రెండు ముక్కలు చేసి నడుమ సాకెట్ పెట్టడం మేలు.

అయితే మీకున్న ఒక గుణం వాళ్లలో లేదు, అది ఒప్పుకోవాలి. మీరు ఊగరు. స్లాట్లను నమ్ముకున్న ప్లేటు అదురుకు మెల్లగా జారుతుంది, సన్నటి ప్లేటైతే బ్లేడు బెల్టు మీద టకటకలాడుతుంది. అందుకే నిలువు ప్లేటు కింద ఎం12 జాక్ బోల్టు, లాక్ నట్టు తప్పనిసరి. బరువు దాని మీద కూర్చుంటుంది, స్లాటు బోల్టులు పట్టుకుంటే చాలు. ఎత్తు సరిచేసేదీ ఆ జాక్ బోల్టే, సుత్తి అక్కర్లేదు. తడిబొగ్గు ఎండి స్లాట్లలో గట్టిపడుతుంది గనక వాటికి రబ్బరు మూత, మరలకు గ్రీజు. ఇవి మానేసిన చోట వాళ్లూ ఏడాదికి మీలాగే మొండికేస్తారు.

మీ సెలవు వచ్చే షట్‌డౌన్‌లో. ముందు పుల్లీ రెండు చివర్లలో సెంటర్ నుంచి బెల్టు పైముఖం దాకా టేపు పెట్టి కొలుస్తాం, ఆ తర్వాతే గ్యాస్ వెలిగిస్తాం.

ఇట్లు,
మీ కింద పడుకుని స్పానర్ తిప్పే ఫిట్టర్లు

తా.క.: మీ డ్రాయింగ్ దొరికింది. మీ బొక్కకు కొలత ప్లస్ ఆర్ మైనస్ 1 మి.మీ. అని రాసి, కింద మూలన చిన్న అక్షరాల్లో ‘సైట్‌కు తగినట్టు అమర్చుకోవలెను’ అని ఉంది.