బోజొలే ఉడకబెట్టు విధానం

రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి. ఇది శాసనం. ఏ ఊరి రూము, ఏ నెలలో రూము అని అడిగినవాడు అనాగరికుడు. ఫ్రాన్సులో ఇళ్లకు హీటర్లు లేని రోజుల్లో, 11-12 డిగ్రీల నేలమాళిగలోంచి తెచ్చిన సీసాని 16-17 డిగ్రీల భోజనాల గదిలో కాసేపు ఉంచేవారు. ఆ రాతిగోడల గదికి పుట్టిన మాటని మనవాళ్లు భద్రంగా ఓడెక్కించి తెచ్చి, మే నెల హైదరాబాదులో అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నారు. నిష్ఠంటే అదీ!

ఈ నిష్ఠకి మొదట బలయ్యేది బోజొలే అనే ఫ్రెంచి రెడ్ వైన్. పాపం, దానికి అవమానాలు కొత్త కాదు. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్, బోజొలే చేసే గమే అనే ద్రాక్ష చెడ్డదీ, ద్రోహబుద్ధి గలదీ అని తీర్మానించి పీకిపారేయమన్నాడు. కాపు ఎక్కువ, పెంచడం తేలిక. అంతకంటే పెద్ద నేరమేముంటుంది? ఆ ద్రోహి లియాన్ నగరానికి ఉత్తరాన ఉన్న గ్రానైట్ కొండల మీద స్థిరపడి, ఇవాళ పది 'క్రూ'ల, అంటే పేరుమోసిన తోటల ప్రాంతాల పేర్లతో సీసాలకెక్కుతోంది. ఫ్లూరీది పూలవాసన, షిరూబ్ల్‌ది తేలికదనం, మోర్గాన్, మూలాన్-ఆ-వాన్‌లది కాస్త కండ. ఆ రెండూ మంచి ఏడాదివైతే పదేళ్లు నిలుస్తాయి.

చేసే పద్ధతీ వేరే. గుత్తుల్ని కాడలు తీయకుండా, చిదమకుండా తొట్టిలోకి దించుతారు. అడుగున ఉన్నవి పైబరువుకి నలిగి పులియడం మొదలెడతాయి. దాంతో కార్బన్ డయాక్సైడ్ తొట్టంతా నిండి, పైనున్న పళ్లు తొక్క లోపలే పులుస్తాయి. అందుకే పండువాసన జాస్తి, టానిన్, అంటే తొక్కల్లోంచి దిగే వగరు, తక్కువ. గమేకి పులుపు పుట్టుకతోనే చురుకు. అంటే చల్లగా తాగాల్సిన వైన్. బోర్డో లాంటి టానిన్ దండిగా ఉన్నవాటిని బాగా చల్లబరిస్తే నోరు పిడచకట్టేలా వగరెక్కుతాయి. గమేకి ఆ బాధ లేదు.

ఇప్పుడు స్టార్ హోటల్ సన్నివేశం. సీసా ఇన్నాళ్లూ లాబీలో, అద్దాల పక్కన, హాలోజన్ దీపం కింద కొలువు తీరి ఉంది. వైన్ నిపుణులవారు దాన్ని తెల్ల తుండులో పొత్తిళ్లలో బిడ్డలా పట్టుకొస్తారు. లేబుల్ చూపిస్తారు. చదవడం రాకపోయినా గంభీరంగా తలూపాలి. బిరడా చేతికిస్తారు. అది తడిగా ఉందా, ఎండిందా, మీద ముద్ర సరిగ్గా ఉందా అని చూడ్డానికి. ఆర్డరిచ్చినాయన వాసన చూస్తాడు. బిరడా, బిరడా వాసనే వేస్తుంది. గ్లాసు గిరగిరా తిప్పుతాడు. 30 డిగ్రీల వైన్‌ని తిప్పితే పైకొచ్చేది ఆల్కహాలు ఘాటే. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "ఆహా" అంటాడు. నిపుణులవారు "తోలు, పొగాకు, వాన తడిసిన అడవి" అని మంత్రపుష్పం చదువుతారు. గ్లాసులో ఉన్నది ఉడికిన జాము. "కాస్త ఊపిరి పీల్చుకోనిద్దాం సార్" అని డికాంటర్ అనే గాజు కూజాలోకి వంపుతారు, ఇంకా వేడెక్కడానికి. వైన్ ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది, తాగేవాళ్లకే ఆడదు.

అంతలో బల్ల చివర్నుంచి ఓ పెద్దాయన, "బాబూ, ఐస్ బకెట్ ఒకటి తెస్తావా?" అంటాడు. నిశ్శబ్దం. "సార్, ఇది రెడ్ సార్" అంటారు నిపుణులవారు జాలిగా. "బాబాయ్, పరువు తీయకు" అంటాడు అబ్బాయి పళ్ల బిగువున.

ఆ బల్ల మీద వైన్ తెలిసినవాడు ఆ బాబాయి ఒక్కడే. బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు. సీసా మెడదాకా మునగాలి. పావుగంట చాలు. ఉత్త ఐసైతే ముక్కలు తగిలినచోటే చల్లబడుతుంది, అందుకే నీళ్లు. బకెట్ లేకపోతే ఫ్రిజ్‌లో రెండు గంటలకు పైనే. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే గడ్డకట్టి బిరడాని తోసేస్తుంది. తేలిక బోజొలేకి 12-13 డిగ్రీలు, మోర్గాన్‌కి 14-15. గ్లాసులో మూడోవంతే పోయాలి, లేకపోతే తాగేలోపే వేడెక్కుతుంది.

తిండి సంగతి మరీ దారుణం. "రెడ్ మీట్‌తో బాగుంటుంది" అని సీసా వెనక రాసి ఉంది కాబట్టి గోంగూర మటన్ పక్కన బోర్డో పెట్టి, దానికో ప్రీమియం మెనూ! మాంసంలోని ప్రొటీన్, కొవ్వు టానిన్‌ని మెత్తబరుస్తాయి, నిజమే. కానీ కారం దగ్గర టానిన్, ఆల్కహాలు రెండూ మంటని ఎగదోస్తాయి. తిండి పులుపు వైన్ పులుపుని మించిందా, వైన్ చప్పబడిపోతుంది. గోంగూరని మించే పులుపు ఏ సీసాలోనూ లేదు. చేపల పులుసు పక్కన రెడ్ పెడితే వైన్‌లోని ఇనుము చేప నూనెతో కలిసి నోరంతా నీచు. లియాన్‌లో బోజొలేతో తినేది వేడి పంది సాసేజి, ఉడికించిన బంగాళాదుంప, కోడి కార్జం. కొవ్వూ ఉప్పూ ఉండి, పులుపు లేని తిండి. మన దగ్గరైతే కారం తగ్గించిన కోడి వేపుడు, మలాయి కబాబు, మసాలా మితంగా వేసిన దమ్ బిర్యానీ. పులుసుకి మజ్జిగే మేలు.

నవ్వులాట ఇక్కడితో చాలు. ఆ కొండవాలు మీద తీగలు మోకాలెత్తు పొదలు. కోతకోసే మనిషి రోజంతా నడుం వంచి ఒక్కో గుత్తీ చేత్తో తెంపుతాడు. ఆ కష్టాన్ని ఏసీ లేని గోడౌన్లో నెలలపాటు ఉడికించి, బిరడా అంచు దాటి పైకొచ్చి, రేకు కింద జిగురు చార కనిపిస్తున్నా "ఫుల్ బాడీ సార్" అని అమ్ముతున్నారే, సిగ్గుండాలి! పాడైందని చెప్పినవాడికి "మీకు అలవాటు లేదు" అని జవాబు. అలవాటు లేకపోవడమేమిటి? వేలు పోసి కొన్నవాడి నాలుకని వెక్కిరించే హక్కు నీకెవడిచ్చాడు? సీసా వెనక్కి తీసుకో, ఇంకోటి తెరువు. అంతే నీ ఉద్యోగం.

ఇక బోజొలే నువో, అంటే ఆ ఏటి పంటతో చేసిన కొత్త వైన్. నవంబరు మూడో గురువారం విడుదలవుతుంది, అరటిపండు వాసనతో, వేసవి రాకముందే తాగెయ్యమని. మూడేళ్ల నాటి నువో సీసా ఏ షాపు అరలోనైనా దుమ్ముకొట్టుకుని కనిపిస్తే ధర అడిగి చూడండి. పాత సరుకు కదా, కొత్తదానికంటే ఎక్కువే చెబుతారు.