‘ఎట్లాగూ విప్పినం కదా’ గారికి

మహారాజశ్రీ ‘ఎట్లాగూ విప్పినం కదా’ గారి దివ్య సముఖానికి, హనుమకొండ నుంచి ఒక బామ్మర్ది నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. మా బావ జిప్సీ ఒక్కటే క్షేమంగా లేదు. అంతా మీ దయ.

మీరు ఒక్కో ఇంట్లో ఒక్కో పేరుతో తిరుగుతారని తెలుసు. కొందరు ‘పనిలో పని’ అంటారు, కొందరు ‘ఒక్కసారే అయిపోతది’ అంటారు. ఇల్లు కట్టేవాళ్ల దగ్గర, పిల్లల పెళ్లి చేసేవాళ్ల దగ్గర మీకు ఎప్పుడూ పెద్ద పీటే. అయితే మీరు నిజంగా కాపురం పెట్టింది మాత్రం పాత బండి మీద మనసు పడ్డ మగాళ్ల బుర్రల్లోనే. అక్కడ మీకు కిరాయి లేదు, ఖాళీ చేయమనే ఓనరూ లేడు.

చదివేవాళ్ల కోసం బండి సంగతి కొంత చెప్పాలి. మారుతి జిప్సీ మన దేశంలో 1985లో రోడ్డెక్కింది. అప్పుడు దానిది 970 సీసీ ఇంజను. 1996లో 1298 సీసీతో ‘కింగ్’ వచ్చింది. అది కార్బొరేటర్ బండి, 60 హార్స్‌పవర్. 2000లో ఇంజను కొలత మార్చకుండానే పదహారు వాల్వుల హెడ్డు (ఇంజను పైమూత), పెట్రోల్ ఇంజెక్షన్ పెట్టి 80 చేశారు. మా బావది 1998 మోడల్, ఏపీ 36 నంబరు. ముందూ వెనకా కమాన్ పట్టీలే కాబట్టి నర్సంపేట మీదుగా పాకాల చెరువుకు పోయొచ్చినవాళ్లు ఇంటికి రాగానే దిండు వెతుక్కుంటారు. అయినా ఫోర్ బై ఫోర్ లివరు లాగి బురదలోంచి బయటపడ్డప్పుడు బావ మొహంలో కనిపించే వెలుగు, మా అక్కతో దిగిన పెళ్లి ఫొటోల్లో కూడా లేదు. ఈ మాట అక్కే అంటుంది.

రోగం చాలా చిన్నది. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలం పొగ వచ్చేది, కాసేపటికి పోయేది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజనులో హెడ్డు మీది ఆయిలు వాల్వుల పక్కనుంచి బొట్టుబొట్టుగా లోపలికి దిగుతుంది. పొద్దున కాలేది అదే. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయిన బండి అట్లా కాదు, గడ్డ ఎక్కినప్పుడల్లా, ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా పొగ వదులుతూనే ఉంటుంది. ములుగు రోడ్డు వైపు షెడ్డు నడిపే మా ఉస్తాద్‌కి ఈ తేడా చూడగానే తెలిసింది. కానీ ఆయన నోటి మాటతో సరిపెట్టే మనిషి కాదు. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజి పెట్టి చూశాడు. తర్వాత ఒక్కో ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూశాడు. రింగులు అరిగి ఉంటే ఆయిలు పోశాక ప్రెషర్ బాగా పెరగాలి. పెరగలేదు.

“రింగులు మంచిగనే ఉన్నయ్ సాబ్. వాల్వ్ సీళ్లు ఎండిపోయినయ్. ఎనిమిది సీళ్లు, హెడ్ గ్యాస్కెట్. అంతే.”

ఆ ‘అంతే’ ఆయన నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే తమరు షెడ్డులోకి వేంచేశారు.

“ఎట్లాగూ హెడ్డు దింపుతున్నం కదా ఉస్తాద్, కింద బోరు గూడ ఒకసారి చూద్దాం.” బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం. గొంతు మా బావదే, పలికించింది మాత్రం మీరు. చూస్తే పోయేదేముంది? మీ వ్యాపారమంతా ఆ ‘చూద్దాం’ మీదనే నడుస్తోంది.

హెడ్డు దిగింది. ఉస్తాద్ మొదటి సిలిండర్లో చూపుడు వేలు పెట్టి, గోరును గోడకు ఆనించి కింది నుంచి పైకి మెల్లగా లాగాడు. పై అంచుకు కొంచెం కింద, రింగులు చేరని చోట, గోరు దేన్నో తట్టుకుని ఆగింది. “గోరు ఆగితే బోరే కదా?” అన్నాడు బావ, అంటే ఇక కోయించాల్సిందేనని. ఎక్కడ విన్నాడో గానీ ప్రాస కుదిరింది కాబట్టి నిజమే అనుకున్నాడు. ఉస్తాద్ పెట్రోల్ గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ ముక్కతో గీకాడు. నల్లటి పొట్టు రాలింది. మళ్లీ గోరు పెడితే ఈసారి ఆగీ ఆగనట్టు జారిపోయింది. “కార్బన్ సాబ్ ఇది. అరుగుడు ఉన్నది గని శాన తక్కువ. గేజి గూడ లిమిట్ లోపలనే చూపెడుతున్నది. ఇంకో నాలుగైదేండ్లు ఫికర్ లేదు.” నేను వంగి చూశాను. కంపెనీలో హోనింగ్ చేసినప్పుడు, అంటే సిలిండర్ గోడను సానబట్టినప్పుడు, పడ్డ ఏటవాలు గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, గోడ మీద ఇంకా కనిపిస్తున్నాయి. ఆయిలు నిలబడేది ఆ గీతల్లోనే. అవి ఉన్నాయంటే బోరుకు ఆయుష్షు ఉన్నట్టే. బావ కూడా చూశాడు. కానీ ఆయన చెవి అప్పటికే మీ దగ్గర తాకట్టులో ఉంది.

బ్లాకు బోరింగ్‌కి, అంటే సిలిండర్లను ఇంకాస్త వెడల్పుగా కోయడానికి, పోయింది. 0.25 ఓవర్‌సైజు పిస్టన్లు ఎక్కడా దొరకలేదు, 0.50వి దొరికాయి. ఎట్లాగూ కోస్తున్నం కదా అని ఏకంగా అర మిల్లీమీటరు కోయించారు. 74 మిల్లీమీటర్ల బోరు 74.5 అయింది. స్ట్రోకు 75.5, అది మారలేదు. బావ దీన్ని ‘అప్‌గ్రేడ్’ అని అందరికీ చెప్పుకుంటుంటే, ఎంత పెరిగిందో కాగితం మీద లెక్క వేశాను. నాలుగు సిలిండర్లూ కలిపి దాదాపు 18 సీసీ. దగ్గుమందు సీసా మూతతో కొలిస్తే రెండు మూతలు. దీనికి చెల్లించిన అసలు మూల్యం బిల్లులో లేదు. ఇట్లాంటి బ్లాకుకి బజారులో మామూలుగా దొరికే ఓవర్‌సైజులు ఆ రెండే. రేపు నిజంగా అరిగిన రోజున కోయడానికి ఏమీ మిగల్లేదు, సిలిండర్లలో కొత్త లైనర్లు (లోపలి గొట్టాలు) దించాల్సిందే. ఇంకా నాలుగైదేళ్లు నడవాల్సిన ఇనుమును పొట్టు కింద రాల్చేసి దానికి ‘ఒకేసారి ఖర్చు’ అని పేరు పెట్టారు చూడండి, ఇంతటి పొదుపు తమరు ఏ బడిలో నేర్చారు స్వామీ?

మీకు అన్యాయం చేయాలని లేదు. కొన్ని చోట్ల మీ మాట వేదమే. క్లచ్ ప్లేటు కోసం గేరుబాక్స్ దించినవాడు రిలీజ్ బేరింగు, క్రాంకు వెనకాల ఆయిల్ సీలు మార్చకుండా తిరిగి ఎక్కించాడంటే వాడికి లెక్క రాదనే అర్థం. ఆ సీలు కారిన రోజున మళ్లీ గేరుబాక్స్ దించాలి, కూలి మళ్లీ మొదటి నుంచి. టైమింగ్ బెల్టు విప్పినప్పుడు టెన్షనరు, ఆ చుట్టుపక్కల సీళ్లు కూడా అంతే. అరిగిపోయే వస్తువై, చవకదై, అదే కూలికి చెయ్యి అందే చోట ఉంటే మార్చమని చెప్పడం పెద్దమనిషి తరహా. అక్కడ మీకు రెండు చేతులూ జోడిస్తాను. నా గొడవ ఏమిటంటే, సీలు మార్చమన్న ఆ గొంతుతోనే, ఆ సౌమ్యంతోనే మీరు ఇంజనే మార్చమంటారు. వినేవాడికి రెండు సలహాల మధ్య తేడా తెలియనివ్వరు.

తెలియనివ్వలేదు కూడా. కొత్త పిస్టన్లు ఎక్కి, బ్లాకు మీద అందరూ చెయ్యి వేసి మురిసిపోతున్నప్పుడు తమరి విశ్వరూపం చూశాను. “ఇంత చేసినం, ఇంజను ఎట్లాగూ బయటనే ఉన్నది, పదహారు వాల్వులదే పెడితే ఎట్ల ఉంటది?” ఉస్తాద్ మాట్లాడలేదు. బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. నా దృష్టిలో ఆ షెడ్డులో వెలువడ్డ అత్యుత్తమ సాంకేతిక అభిప్రాయం అదే.

హైదరాబాద్ తుక్కు బజారులో ఒక మారుతి ఎస్టీమ్ కారు ఇంజను, పదహారు వాల్వులదే, దొరికింది. ఎవరో డాక్టర్ గారు ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి మాత్రమే నడిపిన బండిదట. తుక్కు బజార్లలో ఉన్న ఇంజన్లన్నీ డాక్టర్లవే, మిగతా వృత్తులవాళ్లు కార్లు కొన్న దాఖలాలు అక్కడ లేవు. ఎస్టీమ్‌లో ఆ ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. జిప్సీలో నిలువుగా కూర్చోవాలి. కాబట్టి సంపు (కింది ఆయిలు తొట్టి) జిప్సీదే కావాలి, మానిఫోల్డు జిప్సీదే కావాలి, మౌంటింగులూ దానివే కావాలి. పైన ఈసీఎం (ఇంజనును నడిపే కంప్యూటర్), దానికి సరిపోయే వైరింగు, సెన్సార్లు. కార్బొరేటర్‌కి పెట్రోలు మెల్లగా చేరితే చాలు, ఇంజెక్షన్‌కి రెండున్నర మూడు బార్ల ఒత్తిడి కావాలి. అంటే ట్యాంకులో కరెంటు పంపు, మిగిలిన పెట్రోలు తిరిగి రావడానికి ఇంకో పైపు. ట్యాంకు ఎట్లాగూ దింపినం కదా, లోపల తుప్పు. పవర్ పెరిగింది కదా, క్లచ్. వేడి పెరుగుతుంది కదా, రేడియేటర్. స్పీడు పెరుగుతుంది కదా, బ్రేకులు. ఇక పార్శిళ్లు. ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి వచ్చే ప్రతి డబ్బా అక్కావాళ్ల ఇంటి అడ్రసుకే వచ్చేది. డబ్బా చిన్నదైతే అక్క సంతకం పెట్టేది, పెద్దదైతే నన్ను పిలిచేది.

అన్నట్టు, 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్‌లో దాన్ని 5000 చేశారు. అది కట్టి వచ్చిన రోజు బావ అన్నం ముందు కూర్చుని కేంద్ర ప్రభుత్వాన్ని పేరుపేరునా తిట్టాడు. మీరు అడిగినప్పుడు మాత్రం రసీదు కూడా అడక్కుండా ఇచ్చాడు. పన్నులు వేసేవాళ్లు మీ దగ్గర ట్రైనింగు తీసుకుంటే బాగుపడతారు.

ఆర్సీ మీద ఇంజను నంబరు ఉంటుందన్న సంగతి మీకు ఎప్పుడూ గుర్తుండదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 చదివారా? ఆర్సీలోని వివరాలు, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసు అనుమతి కావాలి. ఫైలు పట్టుకుని ఆ బల్ల నుంచి ఈ బల్లకు తిరిగేటప్పుడు బావ పక్కన మీరు కనిపించలేదు. షెడ్డు గేటు దాకానే మీ దోస్తానా.

మేడారం సంగతి కూడా రాయాలి. ఈసారి జాతరకి జిప్సీలోనే పోవాలని బావ పట్టు. పని తెమలకపోయేసరికి తల్లులకు మొక్కాడు. మామూలుగా మనిషి ఎత్తు బంగారం మొక్కుతారు, అంటే బెల్లం. ఈయన ఇంజను ఎత్తు బంగారం మొక్కాడు. బ్లాకు అల్యూమినియంది కావడం మా అదృష్టం, పోత ఇనుముదైతే అక్క గాజులు బెల్లంగా మారేవి. జాతర రానే వచ్చింది. అందరం ఆర్టీసీ బస్సులో నిలబడి పోయాం. తాడ్వాయి అడవిలో ఒక జిప్సీ మమ్మల్ని దాటి పోతుంటే బావ కిటికీలోంచి చెవి పెట్టి విని “ఎనిమిది వాల్వులదే” అన్నాడు. అది ఎంచక్కా నడుస్తోంది.

మొత్తానికి బండి లేచింది. శబ్దం బాగుంది, అది ఒప్పుకోవాలి. అర మిల్లీమీటరు కోయించిన పాత ఇంజను మాత్రం మా అక్కావాళ్ల హాల్లో, టీవీ పక్కన, పాత దుప్పటి కప్పుకుని ఉంది. కొత్త పిస్టన్లతో, ఒక్క కిలోమీటరు కూడా తిరగకుండా. అమ్ముదామంటే బావ ఒప్పుకోడు. “ఎట్లాగూ రెడీగ ఉన్నది కదా, దీనికి సరిపోయే బండి ఏదన్న దొరికితే…” అంటున్నాడు. ఈ వాక్యం ఎవరు రాసిచ్చారో వేరే చెప్పాలా?

డాక్టర్ గారి ఇంజనుకి కూడా, ఎట్లాగూ బల్ల మీదనే ఉంది కదా అని, కొత్త రింగులు వేశారు. కాబట్టి మొదటి వెయ్యి కిలోమీటర్లు తొక్కకూడదని ఉస్తాద్ ఆర్డరు. 80 హార్స్‌పవర్ల బండి కాజీపేట రోడ్డు మీద ఎడమ పక్కన ఒదిగి పోతుంటే షేర్ ఆటోలు హారన్ కొట్టి దాటిపోతున్నాయి.

నా మనవి ఒకటే. మా బావ దగ్గరికి రావొద్దని అడగను, మీ ఇద్దరిదీ నాకంటే పాత బంధం. వచ్చేటప్పుడు ఒక కాగితం తెచ్చుకోండి. ఏది అరిగింది, ఏది అరగలేదు, ఏది కేవలం ముచ్చట పడ్డది అని మూడు గళ్లు గీసి, ఉస్తాద్ చేత నింపించి, అక్క చేత సంతకం పెట్టించండి.

అక్క గురించి చెప్పనే లేదు. బండి షెడ్డులో ఉన్నన్ని నెలలూ ఇంటి పోర్చు ఖాళీగా ఉంది. ఆమె ఎవరితోనూ గొడవ పడలేదు. గ్రిల్లు పెట్టించింది, లైట్లు వేయించింది, రెండు కుట్టు మిషన్లు, మగ్గం వర్కు ఫ్రేము దించింది. పెళ్లిళ్ల సీజనుకి ఇద్దరు అమ్మాయిలను పనికి కూడా పెట్టుకుంది. బావ జిప్సీని ఇంటికి తెచ్చి గేటు ముందు హారన్ కొడితే లోపలి నుంచి వచ్చి చూసింది.

“ఎట్లాగూ ఖాళీగనే ఉండె కదా” అంది.

బండి ఇప్పుడు ఎదురింటివాళ్ల గేటు పక్కన ఉంటోంది. వాళ్ల కారు బయటికి తీసినప్పుడల్లా బావ లుంగీ ఎగ్గట్టి పరుగెత్తి జిప్సీని పది అడుగులు ముందుకు, మళ్లీ పది అడుగులు వెనక్కి జరుపుతున్నాడు. వెయ్యి కిలోమీటర్ల రన్నింగ్ ఇన్ ప్రస్తుతం ఆ లెక్కన సాగుతోంది.

ఇట్లు,
తమరి రాకపోకలన్నీ గమనిస్తున్న
బామ్మర్ది, హనుమకొండ