గిత్తల బేరానికి డల్లాస్‌కు ఫోన్లెందుకు?

మా గిత్తల కోసం వచ్చేవాళ్లందరికీ ఒకటే మాట. బేరం నాతో ఆడండి. డల్లాస్‌లో నిద్రపోతున్న మా అన్నయ్యను లేపకండి. "చెల్లిని అడగండి బాబాయ్" అని చెప్పీ చెప్పీ వాడు విసిగిపోయాడు.

నాన్న పోయాక గుంటూరు పక్కనున్న మా పొలం, కొట్టం, ఒంగోలు ఆవులు, బండలాగుడు పోటీలకెళ్లే గిత్తలు అన్నీ నేనే చూసుకుంటున్నా. పొలంలో వాటా తీసుకుంటే ఎవరూ నోరెత్తలేదు. ఎత్తడానికీ లేదు. దేశమంతటికీ 2005లో వచ్చిన హక్కు మన దగ్గర ఎన్టీఆర్ హయాంలోనే వచ్చింది. 1985 సెప్టెంబరు నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా అన్నారు. గిత్తల దగ్గరకొచ్చేసరికే అందరికీ కడుపునొప్పి! పోటీకి పేరు రాయించబోతే "మీ ఆయన పేరు చెప్పమ్మా" అన్నారు. పోటీల్లో గిత్తల్ని పళ్లు చూసి వయసువారీగా విడగొడతారు. ఆయనకు పాలపళ్ల విభాగమేదో, ఆరుపళ్ల విభాగమేదో తెలీదు. ఆవు దగ్గరకెళితే తుమ్ములు కూడా.

"నీకెందుకీ టెన్షన్, అమ్మేయ్" అంటారు. ఉలవలు, తవుడు, పత్తి గింజలు, జొన్న చొప్ప, మనుషుల జీతాలు ఏడాది పొడవునా ఉంటాయి. పోటీలేమో సంక్రాంతికి, శివరాత్రికి, తిరునాళ్లకి. మొదటి బహుమతి వచ్చినా లారీ కిరాయి పోగా చేతికి మిగిలేది ఫొటోనే. నాన్నకీ అంతే మిగిలేది. ఆయనది షోకు అన్నారు, నాది మొండితనం అంటున్నారు.

నేనొచ్చాక తోకలు మెలిపెట్టడం, ముల్లుకర్రతో పొడవడం మాన్పించా. బండ లాగే దూరంలో అడుగులు తగ్గుతాయన్నారు. తగ్గనీ. 2023లో సుప్రీంకోర్టు తమిళనాడు జల్లికట్టు, కర్ణాటక కంబళ (దున్నల పరుగు పందెం) చట్టాలకు సరేనన్నది నియమాలు పాటిస్తారనే కదా, పశువును హింసించుకోమని కాదు.

ఇక బ్రెజిల్‌లో నెలోర్ ఆవు కోట్లు పలికిందని వాట్సాప్‌లో పంపించి మీసం తిప్పే అన్నయ్యలూ! అది మన ఒంగోలు జాతి నుంచి వెళ్లిందే, ఒప్పుకుంటా. మీ కొట్టంలో ఒక్క ఆవుందా? ట్రాక్టర్ వచ్చాక ఎద్దుకు పని లేదు. ఒంగోలు ఆవు గేదెలా పాలివ్వదు. ఈ పోటీలుండబట్టే మంచి కోడెకు ఇంకా ధర ఉంది, ఆ ధర చూసే కొందరైనా ఆవుల్ని కట్టేసుకుంటున్నారు. నాలాంటి వాళ్లం కూడా అమ్ముకుని పోతే గుంటూరు దగ్గర లాంలో ఉన్న ప్రభుత్వ పశు పరిశోధనా కేంద్రం, మన లాం ఫాం, ఒక్కటే ఎన్నింటినని సాకుతుంది?